లోడ్ టెస్టింగ్: అపోహలు – వాస్తవాలు

ఇంటర్ ఫలితాల రోజు వెబ్‌సైట్ మొరాయిస్తే ‘సర్వర్ డౌన్’ అనుకుని సరిపెట్టుకుంటాం. అలాంటి రద్దీని ముందే కృత్రిమంగా సృష్టించి, సాఫ్ట్‌వేర్ ఎంతవరకు తట్టుకుంటుందో చూడటమే లోడ్ టెస్టింగ్. దీని మీద అపోహలు ఐటీ ఆఫీసుల్లోనూ తక్కువేం లేవు.

అపోహ: విడుదలకు ముందు ఒకసారి టెస్ట్ చేస్తే చాలు.

వాస్తవం: లోపం బయటపడ్డాక సరిదిద్దే వ్యవధి కూడా ఉండాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబర్ 1న మొదలైంది. అంతకు కొద్ది రోజుల ముందు జరిపిన పరీక్షలో కొన్ని వందల మంది లోడ్‌కే చతికిలబడింది. అయినా తేదీ మార్చలేదు. తొలిరోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే.

అపోహ: సగటు రెస్పాన్స్ టైమ్ బాగుంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: వంద మందిలో 95 మందికి పేజీ 0.2 సెకన్లలో, ఐదుగురికి 10 సెకన్లలో తెరుచుకుందనుకోండి. సగటు 0.69 సెకన్లే. రిపోర్టు ముచ్చటగా ఉంటుంది, ఆ ఐదుగురు మాత్రం విసుగెత్తి వెళ్లిపోతారు. అందుకే 95, 99 పర్సెంటైళ్లు కూడా చూడాలి.

అపోహ: సర్వర్ వాడకం 90 శాతమే కదా, ఇంకా 10 శాతం చేతిలో ఉంది.

వాస్తవం: వాడకం నూరు శాతానికి చేరువయ్యేకొద్దీ ఆలస్యం అమాంతం ఎగబాకుతుంది. క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా ప్రకారం, సర్వర్ ఖాళీగా ఉంటే ఒక సెకనులో అయ్యే పనికి 50 శాతం వాడకంలో సగటున 2 సెకన్లు పడుతుంది. 90 శాతంలో 10, 95 శాతంలో 20.

అపోహ: రద్దీ పెరిగితే సర్వర్లు పెంచితే సరి.

వాస్తవం: ఇరుకు ఎక్కడుందో తెలియకుండా పెంచితే అసలుకే ఎసరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ సెట్టింగ్ మార్చకపోతే సాధారణంగా 100 కనెక్షన్లకే అనుమతిస్తుంది. ఒక్కోటి 20 చొప్పున నాలుగు సర్వర్లు 80 వాడుతున్నాయనుకుందాం. మరో రెండు చేరిస్తే 120 కావాలి. సర్వర్లతో పాటు ఎర్రర్లూ పెరుగుతాయి.

అపోహ: అనుకున్న లోడ్‌కు సైట్ నిలబడితే టెస్ట్ అయిపోయినట్టే.

వాస్తవం: అది సగం పనే. ఏ భాగం, ఎంత లోడ్ దగ్గర, ఎలా పడిపోతుందో తేలేదాకా లోడ్ పెంచుతూ పోవాలి. ఆ హద్దు తెలిస్తే, రద్దీ దాన్ని మించినప్పుడు కొందరిని వెయిటింగ్ పేజీలో ఉంచి మిగతావారి పని సాగనివ్వొచ్చు. కాబట్టి ఈసారి రిలీజ్ మీటింగ్‌లో తప్పక అడగండి: ఎంత లోడ్ దగ్గర పడిపోయింది?