హార్మోను ప్యాచ్‌కి సోమవారం, గురువారం లెక్క

పాలకాయతిప్ప నుంచి గుడివాడ దాకా మన డెల్టా ఊళ్ళలో, నలభై నిండకముందే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు కనిపించడం వింతేమీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేస్తే, యాభై ఏళ్ళ దగ్గర నెమ్మదిగా రావలసిన మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఒళ్ళంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం. అలాంటివారికి, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకు ఈస్ట్రోజెన్ హార్మోను వాడమని డాక్టర్లు చెబుతారు. అది మాత్రగా, జెల్‌గా, చర్మానికి అంటించే ప్యాచ్‌గా కూడా ఉంటుంది. ప్యాచ్‌లోని మందు కాలేయం మీదుగా పోకుండా చర్మం నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. అందువల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రతో కంటే తక్కువ.

ప్యాచ్‌ని ఎన్నాళ్ళకు మార్చాలన్నది పెట్టె మీదే రాసి ఉంటుంది. వారానికి రెండుసార్లు మార్చేవి కొన్ని, వారానికి ఒకసారి మార్చేవి కొన్ని. మొదటి రకానికి సోమవారం, గురువారం పెట్టుకుంటే సరి. నఫిల్ రోజాలు ఉండేవారికి ఆ రెండు రోజులు ఎలాగూ గుర్తుంటాయి. వారానికి ఒకసారి మార్చేదైతే జుమా రోజు స్నానం చేశాక మార్చుకోవచ్చు. పక్కింటి ఆపా వారానికొకటి వాడుతోందని మనమూ అలాగే వాడకూడదు. ఆమెది వేరే రకం కావచ్చు.

దాతలు ముఖ్యంగా గమనించవలసింది ఇక్కడే ఉంది. ప్యాచ్ ఇంకా గట్టిగా అంటుకునే ఉంది కదా అని, మూడు నాలుగు రోజుల ప్యాచ్‌ని వారమంతా ఉంచేవారుంటారు. డబ్బు కలిసి వస్తుందని ఆశ. జిగురు ఉంటుంది, మందు సరిపడా దిగదు. రక్తంలో ఈ హార్మోను నిలవ ఉండదు, ప్యాచ్ తీసిన ఒక్క రోజులోనే పాత స్థాయికి పడిపోతుంది. వారంలో సగం రోజులు సెగలు మళ్ళీ మొదలైతే, మందు పనిచేయలేదని ఆమె మొత్తంగా మానేస్తుంది. నాలుగు వారాలకు ఎనిమిది ప్యాచ్‌లు కావలసిన చోట మనం నాలుగే కొనిస్తే, ఆ నాలుగూ వృథా అయినట్టే. మందుకు ఇచ్చే సదఖా నెలకు సరిపడా ఇవ్వాలి, ఆగకుండా ఇవ్వాలి.

అంటించేది బొడ్డు కింద పొట్ట మీద గానీ, పిరుదు మీద గానీ. రొమ్ముల మీద ఎప్పుడూ వద్దు. నడుము దగ్గర బట్ట కట్టు రాసుకునే చోట ఊడిపోతుంది. మనది ఉప్పుగాలి, చెమట పట్టే ప్రాంతం కాబట్టి చర్మం బాగా ఆరాక, నూనె, పౌడరు లేకుండా చూసి, అరచేత్తో కాసేపు అదిమి పట్టాలి. ప్రతిసారీ చోటు మార్చాలి, అదే చోట మళ్ళీ అంటించడానికి కనీసం వారం ఆగాలి. స్నానం చేయవచ్చు. మధ్యలో ఊడిపోతే, అతుక్కుంటే అదే మళ్ళీ అంటించాలి, లేకపోతే కొత్తది. మార్చే రోజు మాత్రం పాతదే. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే మార్చి, మళ్ళీ సోమ, గురువారాలకే రావాలి.

రోజా మాటేమిటని చాలామంది అడుగుతారు. చర్మం ద్వారా ఇంకే లేపనాలు, మందు పట్టీల వల్ల రోజా భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దా సమావేశంలో తీర్మానించింది. వుజూలో కడిగే అవయవాల మీద దీన్ని అంటించరు. గుస్ల్ సంగతి ఇమాం సాహెబ్‌ని అడిగి తెలుసుకోవాలి.

గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వారికి ప్రొజెస్టరాన్ తరహా మందు కూడా కావాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు డాక్టరుకు ఆ మాట ముందే చెప్పాలి. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చారని చీటీ లేకుండా మొదలుపెట్టవద్దు. మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల డాక్టరుకు చూపించుకున్నాకే వాడాలి.

తీసేసిన ప్యాచ్‌లో ఇంకా కొంత మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లల చేతికి అందని చెత్తబుట్టలో వేయాలి.