మాత్రల సంచి విప్పి చూద్దాం



మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ప్రార్థనకు ఏ పెద్దవారి ఇంటికి వెళ్లినా, తలగడ దగ్గర బైబిలుతోపాటు ఒక మాత్రల సంచి కనిపిస్తుంది. బీపీకి, షుగరుకు, గ్యాసుకు, నిద్రకు, మోకాళ్లకు! ఏది ఎందుకో వేసుకునేవారికే తెలియదు. ఒక్కో డాక్టరు ఒక్కో చీటీ రాస్తారు. పాత చీటీ మనం చూపించము.

మన ప్రాంతంలో నొప్పి మాత్రల వాడకానికి నీళ్లు కూడా ఒక కారణం. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. మన పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. ఎముకలు బిగుసుకుపోయినవారికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు నొప్పిని కాసేపు అణచగలవే గాని, ఫ్లోరైడును తీసివేయలేవు. ఏళ్ల తరబడి రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వయసుతోపాటు కిడ్నీల శక్తి తగ్గుతుంది గనుక, నలభై ఏళ్లప్పుడు సరిపడిన మోతాదు డెబ్బయ్యేళ్లకు ఎక్కువ కావచ్చు.

ఒక మందు మరో మందును వెంట తెస్తుంది. బీపీకిచ్చే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. అది మందు వల్లనేనని గ్రహించకపోతే వాపుకు ఇంకో మాత్ర మొదలవుతుంది. దానితో రాత్రివేళ మాటిమాటికి లేవడం, కళ్లు తిరిగి పడడం, తుంటి ఎముక విరగడం. నిద్ర కోసం వేసే అల్ప్రాజోలం వల్ల కూడా పెద్దవారు తూలిపడతారు. షుగరుకిచ్చే గ్లిబెన్‌క్లమైడ్‌తో కొందరికి షుగరు మరీ పడిపోతుంది. వృద్ధులకు తగని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్, తోటివారితో కలిసి 1991లో ప్రకటించారు. దానిని 2023లో కూడా సవరించారు.

అయితే ఇది చదివి మాత్రలు పారవేయకండి! నిద్ర మాత్రలు, మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, కొన్ని గుండె మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకున్నామని ఇన్సులిన్ మానేసేవారు ఉన్నారు. హిజ్కియా ఆయుష్షు పొడిగించిన దేవుడే, యెషయా ద్వారా ఆయన పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ప్రార్థనకూ మందుకూ వైరం లేదు.

మరి ఏమి చేయాలి? ఇంట్లో ఉన్న మందులన్నీ, సూదిమందుల చీటీలు, పసరు మందులు సహా ఒకే సంచిలో వేసి ఒకే డాక్టరుకు చూపించండి. మూడు ప్రశ్నలు అడగండి: ఇది దేనికి? ఎంతకాలం? తగ్గించవచ్చా? పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు, అదీ అడగండి. తగ్గించేటప్పుడు డాక్టరు చెప్పినట్లు ఒక్కొక్కటిగా, మెల్లగా తగ్గించాలి. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు వారిని గమనిస్తూ ఉండాలి.

హైదరాబాదులో, బెంగుళూరులో పనికెళ్లిన పిల్లలారా, నెలకోసారి మందుల డబ్బు పంపుతున్నారు, మంచిదే. పండుగకు వచ్చినప్పుడు ఒక పూట అమ్మానాన్నల ప్రక్కన కూర్చుని ఆ సంచి విప్పండి. తలిదండ్రులను సన్మానించడంలో అదీ ఒక భాగమే.

దేవుడు మీ యింటి పెద్దలను కాపాడును గాక. ఆమేన్.