నాయనగారి బుల్లెట్టు

మా నాయనగారు తెలుగు పండితులు. ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలో నన్ను కూర్చుండబెట్టుకొని అమరము మొదలు వసుచరిత్రము వరకు తామే చెప్పిరి. మా అన్నకు మాత్రము తమ బుల్లెట్టు మోటారుసైకిలును నడుపుట నేర్పిరి. కావ్యములు కూతునకు, వాహనము కుమారునకు! నేను దానిని తుడుచుటకే గాని ఎక్కుటకు నోచుకొనలేదు.

అన్న అమెరికా పోయెను. నాయనగారి చూపు మందగించి, క్రమముగా పోయినది. 1972 నాటి ఆ బండి పశువుల కొట్టమున పడియుండి, టాంకు తుప్పుపట్టినది. సీటులో ఎలుకలు కాపురము పెట్టినవి. "పాత ఇనుమువానికి ఇచ్చివేయుడు" అని అన్న ఫోనులో అనినప్పుడు నాయనగారు మారుమాటాడలేదు. ఆ పూట అన్నము మాత్రము సరిగా తినలేదని అమ్మ నాతో చెప్పినది. నా చీటీ సొమ్ము చేతికి వచ్చిన వారమే నేను దానిని లారీలో నంద్యాలకు తెప్పించితిని. మావారు బడినుండి వచ్చి చూచి, "ఈ సొమ్ముతో రెండు గాజులు వచ్చియుండును గదా" అని నవ్వి ఊరకుండిరి.

సోదరీమణులు ఈ బండి వంశచరిత్ర కొంత వినవలయును. రాయల్ ఎన్‌ఫీల్డు అనునది ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు కంపెనీ. 1955లో అది మదరాసు మోటార్సు వారితో గలియగా ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడెను. మదరాసు చెంతనున్న తిరువొత్తియూరులో 350 సీసీ బుల్లెట్లు తయారగుచు వచ్చెను. ఇంగ్లండులో 1962లో బుల్లెట్టు ఆగిపోయినది, ఇచ్చట ఆగలేదు. 1977 నుండి ఇచ్చటి బండ్లనే ఇంగ్లండునకు ఎగుమతి చేసిరి. పుట్టింటివారు మరచిన ఆడపిల్ల మెట్టినింట నిలద్రొక్కుకొని, పుట్టింటికే సారె పంపినట్లున్నది!

మెకానిక్కు నాలుగు నెలలు శ్రమించి పిస్టను, బేరింగులు, వైర్లు మార్చెను. తరువాతి శ్రమ నాది. బండిని లేపుటయే పదిదినముల అభ్యాసమైనది. ముందు దీపముపైన ఆమ్మీటరులో ఒక చిన్న ముల్లు గలదు. తాళము త్రిప్పి కిక్కును మెల్లగా నొక్కుచు రాగా ఒకచోట గట్టిగా అడ్డుపడును. లోపల పిస్టను గాలిని అదిమి పట్టియున్నదన్నమాట. ముల్లు నడిమికి వచ్చినంతనే ఎడమచేతికడనున్న చిన్న మీటను పట్టిన, ఆ గాలి తుస్సుమని వెలికి పోవును. కిక్కును మరికొంచెము దించి, మీటను వదలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా తొక్కవలయును. తొలినాడు నేను తొందరపడి ఈ వరుస తప్పితిని. కిక్కు ఎదురుతన్ని చీలమండ వాచినది. మూడు దినములు వంట మావారిదే. "బలం వద్దమ్మా, ముల్లు చూడు" అని మెకానిక్కు ఒక్క మాట చెప్పెను. పెనము కాగినదో లేదో నీటిచుక్క చల్లి తెలిసికొను మనకు ముల్లు చూచుట ఎంతపని?

"ఆడదానికి ఇదేమి సరదా?" అని పొరుగింటి పెద్దమ్మ అనినది. 1915లోనే ఎఫీ హాచ్‌కిస్ అను అమెరికా యువతి తన తల్లిని ప్రక్కబండిలో కూర్చుండబెట్టుకొని న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు మోటారుసైకిలు నడిపి, మరల ఇల్లు చేరినదని చెప్పితిని. పెద్దమ్మ, "తల్లినా! ఆమె భయపడలేదా?" అని తక్కిన కథ అడిగినది.

మార్గశిరమున ఒక ఆదివారము ఉదయము 7 గంటలకు బయలుదేరితిని. చీర కుచ్చెళ్లు చక్రమున చిక్కునని పంజాబీ డ్రెస్సు తొడిగి, హెల్మెట్టు పెట్టుకొంటిని. ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. ఊరు దాటి నాలుగవ గేరు పడగానే చెవికి ఒక వింత తోచినది. ఈ ఇంజనులో పిస్టను వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది నడచు దూరము 90. లోపల బరువైన చక్రము తిరుగుచుండును. అందుచేత చప్పుడునకు చప్పుడునకు నడుమ ఎడము వినవచ్చును. నెమ్మదిగా పోవునప్పుడు పద్యమునకువలె గణములు లెక్కింపవచ్చును! 60 కిలోమీటర్లు దాటినచో అద్దములలో రోడ్డంతయు వణకును, అరచేతులు జివ్వుమనును. నేను 50 దాటలేదు. ఎడమప్రక్క నల్లమల నీలముగా, రేగడి చేలలో శనగపైరు పచ్చగా నుండెను. లారీ దాటిపోయినప్పుడెల్ల ఆ గాలికి గుండె జల్లుమనెడిది.

సిరివెళ్ల మెట్ట చేరువ గొఱ్ఱెలమంద అడ్డువచ్చినది. మావారి బండికి బ్రేకు కుడికాలికడ నుండును, దీనికి ఎడమకాలికడ. నేను అలవాటుగా కుడికాలు నొక్కితిని; బ్రేకునకు మారు గేరు పడెను! చేతిబ్రేకు బిగించి, మందకు మూరెడు దూరమున నిలిచితిని. గొఱ్ఱెలకాపరి కోపపడలేదు. "నిదానం తల్లీ" అనెను. చేతుల వణకు తగ్గువరకు చింతచెట్టు క్రింద కూర్చుంటిని.

ఆళ్లగడ్డలో శిల్పులు రాతిపై ఉలి వేయుచున్న చప్పుడు దారిప్రక్కనే వినవచ్చినది. మా వీధి మలుపున నా చప్పుడు గూడ దానితో గలిసినది. నాయనగారు అరుగుమీద ఉండిరి. నేను తాళము త్రిప్పబోగా చేయి ఎత్తి, "ఆపకు" అనిరి. తల ఒక ప్రక్కకు వంచి చాలసేపు వినిరి.

"ఎవరు తెచ్చిరి?"

"నేనే నాయనా."

మరల కొంతసేపు వినిరి. "ట్యాపెట్టు వదులుగా నున్నది. వేడిమీద ముట్టరాదు. చల్లారనిమ్ము, చెప్పెదను, పానా నీవే పట్టవలయును."

అమ్మ కాఫీ తెచ్చినది. తండ్రీ కూతుళ్లము అరుగుమీద కూర్చుండి, ఇంజను చల్లారుటకై వేచియుంటిమి.