గని కేంద్రానిది, బోరు రైతుది - మరి కాపలా ఎవరిది?

యురేనియం తవ్వేది కేంద్ర ప్రభుత్వ సంస్థ. దానికి అణు భద్రత అనుమతి ఇచ్చేది కేంద్ర బోర్డు. కాని ఆ గని పక్కన బోరు వేసుకుని అరటి పెట్టిన రైతు రాష్ట్ర ప్రభుత్వానికి శిస్తు కట్టినవాడు, రాష్ట్రం ఇచ్చిన పాసుపుస్తకం దాచుకున్నవాడు. ఆయన బోరు నీళ్ళు చెడితే ఎవరి గడప తొక్కాలి? తాలూకా ఆఫీసు కెళితే ఇది అణుశక్తి శాఖ సంగతంటారు. అణుశక్తి వారి దగ్గరికి పోతే నీళ్ళు, పంటలు రాష్ట్రానివంటారు. ఈ రెండు గోడల మధ్య రైతు నలిగిపోతున్నాడు. అందుకే అసలు ఎవరి అధికారం ఎంతో, ఎవరి బాధ్యత ఏమిటో రైతు సోదరుల ముందు పెట్టదలిచాము.

రాజ్యాంగం 7వ షెడ్యూలులో అణుశక్తి, దానికి కావలసిన ఖనిజాలు కేంద్ర జాబితాలో 6వ అంశం. కాగా ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6, వ్యవసాయం 14, నీరు 17. అంటే రాయి కేంద్రానిది, ఆ రాయి మీదుగా పారే నీళ్ళు రాష్ట్రానివి. 1962 అణుశక్తి చట్టం అధికారమంతా ఢిల్లీ చేతిలో పెట్టింది. 1983లో అణుశక్తి నియంత్రణ బోర్డు ఏర్పడింది గాని, అది చట్టం చేసి పుట్టించింది కాదు, సర్కారు ఉత్తర్వుతో పుట్టింది. తాను అదుపు చేయవలసిన శాఖ పెద్దల కిందే అది నాలుగు దశాబ్దాలు పని చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' పేరుతో కొత్త చట్టం చేసి పాతదాన్ని రద్దు చేసింది. బోర్డుకు చట్టబద్ధత ఇచ్చారు, నిజమే. దానితోపాటే అణురంగం తలుపులు ప్రైవేటు కంపెనీలకూ తెరిచారు. లాభం కోసం వచ్చేవాడి మీద కాపలా ఇంకా గట్టిగా ఉండాలి కదా!

రాష్ట్రం చేతిలో అసలేమీ లేదా? ఉంది. 1974 నీటి కాలుష్య చట్టం ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేనిదే ఏ కర్మాగారమూ వ్యర్థాలు వదలరాదు. మండలి షరతులు పెట్టవచ్చు, నీళ్ళు పట్టి పరీక్షించవచ్చు, మాట వినకపోతే మూయించవచ్చు. అయితే ఒక కిటుకుంది. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు అణుధార్మిక వ్యర్థాలకు వర్తించవు. వాటి సంగతి అణుశక్తి చట్టమే చూసుకుంటుందని వదిలేశారు. అధికారులు తప్పుకోవడానికి ఈ సందు చాలు.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె చూడండి. 2007లో శంకుస్థాపన చేశారు. 2012లో గని, శుద్ధి కర్మాగారం ప్రారంభమయ్యాయి. రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించే సామర్థ్యం. ఆ రాయిలో యురేనియం టన్నుకు అరకిలో కూడా ఉండదు. మిగిలిందంతా బురదై చెరువు చేరుతుంది. అసలు అణుధార్మికతలో అధికభాగం ఆ బురదలోనే మిగిలిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్ళు పడుతుంది. అంటే ఆ చెరువుకు కాపలా మన మునిమనవల మునిమనవలు కూడా కాయాలన్నమాట.

ఇక్కడి రాయి సున్నపురాయి జాతిది గనక ఆమ్లంతో కాక సోడియం కార్బనేటు, బైకార్బనేటులతో ఉడికించి యురేనియం లాగుతారు. ఆ సోడియం కూడా చెరువు కెళుతుంది. సోడియం నేలలోకి దిగితే ఏమవుతుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. నేల చౌడెక్కుతుంది, పైన తెల్లగా పొరకడుతుంది, నీరు ఇంకదు, వేరుకు గాలాడదు. జిప్సం చల్లితే చౌడు విరుగుతుంది గాని, రోజూ పారించే నీళ్ళలోనే సోడియం ఉంటే ఎన్ని బస్తాలు చల్లి ఏం లాభం? కనుక యురేనియం ఎంతుందని మాత్రమే కొలిచి 'అంతా బాగుంది' అనడం చెల్లదు. పంటను చంపేది సోడియం కూడా కావచ్చు.

చెరువు పక్కనున్న కొట్టాల, మబ్బుచింతలపల్లె వంటి ఊళ్ళ రైతులు బోర్ల నీళ్ళు పాడయ్యాయని, అరటి ఎండిపోతోందని ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. చివరకు 2019లో కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి షోకాజ్ నోటీసిచ్చింది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర షరతుల ప్రకారం వేయలేదన్నది అందులో ముఖ్య విషయం. కంపెనీ మాత్రం కాలుష్యానికి తాను కారణం కాదంటూ వచ్చింది. మేము అడిగేది ఒక్కటే. పొర వేశారా లేదా అన్నది చెరువు నిండక ముందు చూడవలసిన పని. ఏడేళ్ళు బురద నింపిన తర్వాత నోటీసా?

గనుల సంగతే కాదు. ఆసుపత్రుల ఎక్స్‌రే యంత్రాల మీద అజమాయిషీకి ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతా డైరెక్టరేటు పెట్టాలని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో కాగ్ లెక్క తీస్తే అప్పటికి పెట్టినవి కేరళ, మిజోరం రెండే. దేశంలోని 57,443 ఎక్స్‌రే కేంద్రాల్లో 91 శాతం రిజిస్టరు కాకుండానే నడుస్తున్నాయని తేలింది. అంతకు రెండేళ్ళ ముందే, 2010లో, ఢిల్లీ మాయాపురి పాతసామాను బజారులో కోబాల్ట్-60 బయటపడి ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒక విశ్వవిద్యాలయం పనికిరాదని వేలం వేసిన యంత్రంలోది అది.

పెట్టుబడిదారీ అమెరికాలోనే 1959లో చట్టం సవరించి, సమర్థత ఉన్న రాష్ట్రాలు అణుధార్మిక పదార్థాల లైసెన్సు, తనిఖీ పనిని ఒప్పందం ద్వారా తీసుకునే వీలు కల్పించారు. అణు విద్యుత్కేంద్రాలు కేంద్రం కిందే ఉన్నాయి. కాని ముప్పైకి పైగా రాష్ట్రాలు మిగతా తనిఖీని సొంత సిబ్బందితో చేసుకుంటున్నాయి. రాష్ట్రాలకు ఇది చేతకాదన్న మాట ఉత్త సాకు.

ప్రజలు కదిలితే రాష్ట్రాలూ కదులుతాయి. నల్లమలలో యురేనియం వద్దని చెంచులు, రైతులు, విద్యార్థులు రోడ్డెక్కిన ఫలితంగానే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. రాష్ట్రంలో సొంత పరికరాలు, సిబ్బందితో రేడియేషన్ భద్రతా విభాగం పని చేయాలి. గని చుట్టూ బోర్లను వానలకు ముందు, తర్వాత రైతుల ఎదుటే పరీక్షించాలి. ఒక సీసా రైతు చేతికివ్వాలి. యురేనియంతోపాటు సోడియం, బైకార్బనేటు లెక్కలు కూడా తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. పంట పోయిన రైతు కాలుష్యాన్ని రుజువు చేయాలనడం మాని, కంపెనీయే తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోవాలి.

అంతవరకు చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. నీటి చట్టం 25వ సెక్షను ప్రకారం కంపెనీకిచ్చిన సమ్మతి షరతుల రిజిస్టరును నష్టపోయే ఎవరైనా మండలి ఆఫీసులో చూడవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడగవచ్చు. రైతు సంఘాలు ముందుగా ఆ షరతుల కాగితం తెచ్చి గ్రామసభలో చదివించాలి. ఏ షరతు అమలైందో, ఏది కాగితం మీదే మిగిలిందో ఊళ్ళోవాళ్ళ కన్నా బాగా చెప్పగలవారెవరు?