ఇకాటెక్ విమానాశ్రయము

గ్రీన్‌లాండు తూర్పు తీరమున, తసీలాక్ అను ఊరికి ఈశాన్యముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, ఇకాటెక్ అను చోట కంకర పరచిన బాట యొకటి కలదు. దాని పొడవు ఇంచుమించు 5,000 అడుగులు. ఒక ప్రక్క సముద్రపు పాయ, చుట్టును కొండలు. ఆర్కిటిక్ వలయము అచ్చటికి ఉత్తరమున కొలది దూరముననే యున్నది. 1942 మొదలు 1947 వరకు ఇది అమెరికా సైన్యమువారి విమానాశ్రయము. దాని రహస్యనామము ‘బ్లూయీ ఈస్ట్ టూ’. బ్లూయీ యనగా గ్రీన్‌లాండు. తక్కినది తూర్పున రెండవ స్థావరమని తెలుపును.

అమెరికావారు అచ్చటికి వచ్చిన విధము విచిత్రమైనది. గ్రీన్‌లాండు ఆనాడు డెన్మార్కునకు వలసరాజ్యము. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్కును ఆక్రమించెను. సరిగా సంవత్సరము గడచిన దినమున, వాషింగ్టనులోని డేనిష్ రాయబారి హెన్రిక్ కౌఫ్‌మన్, స్వదేశ ప్రభుత్వము అనుమతి లేకయే, గ్రీన్‌లాండులో స్థావరములు కట్టుకొనుటకు అమెరికాతో ఒడంబడిక చేసికొనెను. కోపెన్‌హాగన్ ప్రభుత్వము ఆయనను వెనుకకు పిలిచెను, ఆయన పోలేదు. 1945లో డెన్మార్కు విముక్తమైన పిమ్మట అదే ఒడంబడికను ఆ దేశపు పార్లమెంటు ఆమోదించెను.

ఆ కాలపు చిన్న యుద్ధవిమానములు అట్లాంటిక్ మహాసముద్రమును ఒక్క దాటున దాటజాలవు. గ్రీన్‌లాండున దిగి, ఐస్లాండున దిగి, బ్రిటను చేరవలసియుండెను. 1942 జులై 15న ఆరు పి-38 విమానములు, రెండు బి-17 విమానములు ఐస్లాండునకు పోవుచు, దారిలో వాతావరణము చెడగా వెనుదిరిగినవి. ఇంధనము తరిగిపోయి మంచుపీఠముపైననే దిగినవి. అందలి వారందరును క్షేమముగా రక్షింపబడిరి. విమానములు మాత్రము అచ్చటనే యుండి, ఏటేట కురిసిన మంచు క్రింద పూడిపోయినవి. 1992లో వానిలో నొకదానిని సుమారు 268 అడుగుల లోతునుండి పైకి తీసిరి. మరమ్మతు పొంది 2002లో అది మరల ఎగిరెను.

ఇట్టి మార్గమున దిగుటకు చోటు ఎంత అవసరమో, ముందుగా వాతావరణము తెలియుటయు అంతే అవసరము. అందువలన ఇకాటెక్‌లో రేడియో కేంద్రమును, వాతావరణ కేంద్రమును నెలకొల్పిరి. ఐరోపాకు పోవు గాలివానల జాడ తరచు గ్రీన్‌లాండు వైపున ముందుగా కనబడును. ఆ సమాచారమునకై జర్మనులును ఈశాన్య గ్రీన్‌లాండులోని సబీన్ దీవిలో రహస్యముగా కేంద్రము పెట్టుకొనగా, 1943లో అమెరికా విమానములు దానిపై బాంబులు వేసినవి. వాతావరణ విశేషములు రాగానే రేడియో గొంతు తగ్గించు శ్రోతలు ఈ సంగతి గమనింతురుగాక.

1947లో సైనికులు వెడలిపోయిరి. తెచ్చిన సామగ్రి చాలవరకు అచ్చటనే విడిచిరి: లారీలు, విమానశాల ఉక్కు చట్రము, వేలకొలది పెట్రోలు డ్రమ్ములు. సముద్రపు మంచు తొలగు కొలది వారములలోనే ఓడలు రాగల తీరమది. ఖాళీ డ్రమ్మును ఇంటికి చేర్చుటకు దాని వెలకంటె కూలి ఎక్కువ. చలిదేశమున ఇనుము నెమ్మదిగా శిథిలమగును. ఎఱ్ఱగా తుప్పుపట్టి నేలయంతయు పరచుకొన్న ఆ డ్రమ్ములకు స్థానికులు ‘అమెరికా పువ్వులు’ అని పేరు పెట్టిరి. చూచుటకు వేడుకగా నున్నను, వానిలో మిగిలిన నూనె, కట్టడములలోని ఆస్‌బెస్టాసు వేడుక కలిగించునవి కావు.

వీనిని తొలగించు భారమెవరిది? అమెరికాయు డెన్మార్కును 1951లో చేసికొన్న రక్షణ ఒప్పందమున, అప్పగించిన స్థలములను పూర్వస్థితిలో తిరిగి యీయవలసిన పని లేదని స్పష్టముగా వ్రాసికొనిరి. ఇకాటెక్ అంతకుముందే ఖాళీయైనను, ఆనాటి ధోరణి యెట్టిదో ఆ వాక్యమే చెప్పుచున్నది. తుదకు, గ్రీన్‌లాండులో అమెరికా విడిచిన స్థావరములను శుభ్రపరచుటకు డెన్మార్కే 2018 మొదలు ఆరు సంవత్సరములకై 18 కోట్ల డేనిష్ క్రోనర్లు కేటాయించెను. 2019 వేసవిలో ఇకాటెక్‌లో పని ఆరంభమాయెను.

నా మట్టుకు, తుప్పుపట్టిన లారీ యొకటి అట్లే నిలిచియున్న నష్టము లేదు. డ్రమ్ములు పోవలసినదే, ఆ తీరవాసులు నేటికిని సీలు వేటను, చేపలను నమ్ముకొని బ్రతుకుచున్నారు, కంకర బాట ప్రక్కనున్న ఆ పాయ కలియునదియు ఆ సముద్రమునందే.