తలంబ్రాలు తడబడితే తప్పు ఫ్రేముల లెక్కలోనే!

మార్కాపురం: తలంబ్రాల బియ్యం గాలిలో మెల్లగా రాలుతూ మధ్యలో ఉలిక్కిపడినట్లు కదిలితే పెళ్లి వీడియో అందమే పోతుంది. మళ్లీ తీద్దామంటే ముహూర్తం తిరిగి రాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ఇప్పుడు స్లోమోషన్‌ లేని పెళ్లి వీడియో అరుదు. కెమెరా ఖరీదైనదే అయినా దృశ్యం కుదుపులకు లోనవుతోందంటే, లోపం చాలావరకు ఎడిటింగ్‌ గదిలోని లెక్కలోనే ఉంటుంది.

మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 25 ఫ్రేముల పద్ధతిలో స్థిరపడ్డాయి. పెళ్లి వీడియోలనూ ఎక్కువగా అదే కొలతలో కూర్చుతారు. సెకనుకు 100 ఫ్రేములతో తీసిన 4 సెకన్ల దృశ్యంలో 400 ఫ్రేములు ఉంటాయి. వాటిని 25 చొప్పున చూపితే 16 సెకన్లు వస్తుంది. ఒక్క ఫ్రేమూ వృథా కాదు. చిక్కంతా 120 ఫ్రేములతోనే. ఆ క్లిప్‌ వేగాన్ని అలవాటుగా నాలుగో వంతుకు తగ్గిస్తే సెకనుకు 30 ఫ్రేములు మిగులుతాయి. టైమ్‌లైన్‌లో 25కే చోటుంది. మిగిలిన 5 ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌ వదిలేస్తుంది, కుదుపు అక్కడే పుడుతుంది. ప్రీమియర్‌లోని ‘ఇంటర్‌ప్రెట్‌ ఫుటేజ్‌’లో ఆ క్లిప్‌ను 25 ఫ్రేములదిగా చూపితే సరిగ్గా 4.8 రెట్లు నెమ్మదించి, అన్ని ఫ్రేములూ తెరపైకి వస్తాయి.

మామూలుగా 25 ఫ్రేములతో తీసిన దృశ్యాన్ని నాలుగు రెట్లు సాగదీయడం మరో పొరపాటు. ఒక్కో ఫ్రేమును నాలుగుసార్లు చూపాల్సి వస్తుంది. మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే ఊహించి గీసే సదుపాయం ఉన్నా, రాలే బియ్యం, కదిలే వేళ్లు అలుక్కుపోయే ప్రమాదం ఉంది. తీయనిదాన్ని ఎడిటింగ్‌లో రాబట్టలేరు.

కల్యాణ మండపంలో దీపాల సంగతీ చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ కావడంతో పాత ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనిపించని ఈ మినుకు 120 ఫ్రేముల్లో బయటపడుతుంది. కెమెరాలో 100 ఫ్రేముల వీలుంటే మండపంలో అదే మేలు. ఆరుబయట జరిగే చెన్నకేశవస్వామి రథోత్సవాన్ని పగటి వెలుగులో తీసేటప్పుడు ఈ బెడద ఉండదు.

సెల్‌ఫోన్లతో ఇంకో తంటా ఉంది. చాలా ఫోన్లలో ఫ్రేమ్‌ రేటు నిలకడగా ఉండదు. వెలుతురును బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. దాంతో నిడివి పెరిగేకొద్దీ పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్‌ ఫ్రేమ్‌రేట్‌’ ఎంచుకుని మార్చుకున్నాకే ఎడిటింగ్‌కు తీసుకోవాలి. అసలు ఫైలును మాత్రం చెరపకూడదు. పలు కెమెరాల్లో స్లోమోషన్‌ తీసేటప్పుడు శబ్దం నమోదు కాదు. మాంగల్యధారణ వేళ మోగే మేళం కావాలంటే రెండో కెమెరాను మామూలు వేగంలో నడపాల్సిందే.