మందు కప్పు కడిగారా?

మా ఇల్లు గుంటూరులో. మిర్చి యార్డుకి మరీ దగ్గరేం కాదుగానీ, ఫిబ్రవరిలో కొత్త పంట రావడం మొదలైందంటే ఆ ఘాటు గాలివాటున మా వీధి దాకా వచ్చేస్తుంది. మాకు నాలుగు తుమ్ములతో సరిపోతుంది. ఆరేళ్ల మావాడికి మాత్రం ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. వాడికి ఆస్తమా. డాక్టరుగారు రాసిస్తే మూడేళ్ల క్రితం నెబులైజర్ కొన్నాం. మిక్సీ, గ్రైండర్ల సరసన ఇంట్లో అదీ ఓ యంత్రమైంది.

పచ్చడి రుబ్బిన మిక్సీ జారుని వెంటనే కడక్కపోతే నాకు నిద్ర పట్టదు. మరి దీన్ని? నిజం చెప్పొద్దూ, మందు అయిపోగానే కప్పుని ఓసారి కుళాయి కింద పట్టి, పమిటచెంగుతో తుడిచి అట్టపెట్టెలో పడేసేదాన్ని. అదీ గుర్తుంటేనే. అందులో ఉండేది మందేగా, మురికెక్కడిది అనుకునేదాన్ని.

కిందటేడు మార్చిలో ఓ రాత్రి రెండింటికి వాడు ఆయాసంతో లేచాడు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. గబగబా మందు పోసి మాస్కు పెట్టాను. మోటారు బర్రుమని మోగుతోందిగానీ, పొగలా రావాల్సిన తుంపర సన్నగా, వచ్చీరానట్టు వస్తోంది. పది నిమిషాల్లో అయిపోయే మందు, చూస్తుండగానే ఇరవై నిమిషాలైనా సగం కూడా తరగలేదు. "అమ్మా, రావట్లేదు" అంటున్నాడు వాడు మాస్కులోంచే. అత్తయ్య దేవుడికి మొక్కుతున్నారు. మావారు స్కూటరు తీశారు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, అదే మందు వాళ్ల యంత్రంతో పట్టిస్తే తెల్లారేసరికి కుదుటపడ్డాడు. అంత సేపు ఇంట్లో కూర్చోకుండా అప్పుడే బయల్దేరాల్సిందని డాక్టరుగారు చెప్పాకగానీ నాకు తట్టలేదు.

"మీ యంత్రం ఓసారి పట్రండమ్మా" అన్నారాయన. పట్టుకెళితే కప్పు మూత తిప్పి, లైటుకేసి పట్టి చూపించారు. లోపల మధ్యలో చిన్న ముక్కులా ఉంటుంది చూడండి, దాని చుట్టూ తెల్లగా గార కట్టింది. గొట్టం లోపల నీటిబొట్లు, వాటి పక్కన నల్లటి చుక్కలు. "బూజులా ఉందమ్మా" అన్నారు. ఆయన కోప్పడినా బాగుండేది. మామూలుగా అనేసరికి తల ఎత్తుకోలేకపోయాను.

దీన్ని మనం "ఆవిరి పట్టడం" అంటాంగానీ, ఇందులో వేడీ లేదు, ఆవిరీ లేదట. మోటారు గాలిని ఆ ముక్కుకున్న సన్నటి బెజ్జంలోంచి జోరుగా తోస్తుంది. ఆ జోరుకి కప్పులోని మందు పైకి లాక్కోబడి, తుంపర కింద చితికిపోతుంది. బొట్టు 5 మైక్రాన్లలోపు ఉంటేనే ఊపిరితిత్తుల్లో చిన్న గొట్టాల దాకా వెళుతుంది. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఇక మీరే ఊహించుకోండి ఎంత నలుసో! బెజ్జం పూడిందంటే తుంపర తగ్గుతుంది, వచ్చే బొట్లు లావెక్కి నోట్లో, గొంతులోనే ఆగిపోతాయి. అదే దోవన సూక్ష్మక్రిములూ వెళతాయి. సూడోమోనాస్ అనే బాక్టీరియాకి ఇలాంటి తడి ప్లాస్టిక్ అంటే మహా ఇష్టమట.

ఇంటికొచ్చాక మావారు గుండుసూది తెచ్చి ఆ బెజ్జాన్ని పొడవబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. బెజ్జం వెడల్పయితే తుంపర తీరే మారిపోతుంది. కొత్త కప్పు కొనుక్కోవడమే నయం.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. మందు పెట్టడం అయ్యాక కప్పు అడుగున ఎప్పుడూ కాస్త మిగులుతుంది. దాన్ని పారబోస్తాను, దాచను. కప్పు విడదీసి, మాస్కుతో సహా గోరువెచ్చటి నీళ్లతో కడిగి, విదిలించి, శుభ్రమైన బట్ట మీద ఆరబెడతాను. తుడవడం లేదు. చెంగుతో అసలే లేదు. వాడిన రోజు రాత్రి గిన్నెల సబ్బుతో ఓసారి రుద్ది కడుగుతాను. ఆ తర్వాత కప్పు ముక్కల్ని 5 నిమిషాలు మరిగించడం. అయితే మరిగించొచ్చో లేదో యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో చూసుకోవాలి. మా దాంట్లో కప్పుకి సరే అన్నారు, మాస్కుకి వద్దన్నారు. కొందరు వెనిగర్‌లో నానబెట్టమంటారుగానీ, అది అన్ని క్రిములనూ చంపలేదు. ఆరిన ముక్కల్ని మూతున్న డబ్బాలో పెట్టుకోవాలి. తడి ఉండగా మూత పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

గొట్టంలో మాత్రం నీళ్లు పొయ్యకూడదు. లోపల చెమ్మ కనిపిస్తే, కప్పు తీసేసి ఉత్త గొట్టంతో రెండు మూడు నిమిషాలు మోటారు నడిపితే గాలికి ఆరిపోతుంది. నల్లచుక్కలొస్తే కొత్తది కొనాల్సిందే. మోటారుకి పక్కన చిన్న స్పాంజి ఫిల్టరుంటుంది. కొన్నప్పుడు తెల్లగా ఉండేది మాది బూడిదరంగుకి తిరిగినా చూసుకోలేదు. ఆ రాత్రి జోరు తగ్గడానికి అదీ ఓ కారణమే. యంత్రాన్ని నేల మీదో, పరుపు మీదో పెట్టినా దుమ్ము పీల్చేస్తుంది, అందుకే ఇప్పుడు స్టూలు మీద పెడుతున్నాను.

ఇంకో పొరపాటు కూడా చేశాను. మందులో కలిపే సెలైన్ పెద్ద సీసా తెచ్చి, సూదితో గుచ్చి వారాల తరబడి వాడాను. ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ ట్యూబులే తెస్తున్నాను. ఒకటి విప్పితే ఆ పూటకే, మిగిలితే పారబోయడమే. "డబ్బు నీళ్లపాలు" అని అత్తయ్య గొణిగారుగానీ, ఆస్పత్రి బిల్లు చూశాక మళ్లీ అనలేదు.

కరెంటు పోతే ఏం చేస్తావని మా చెల్లెలు అడిగింది. ఇన్‌హేలర్‌కి స్పేసర్ డబ్బా తగిలించి పీల్పిస్తే చాలాసార్లు నెబులైజర్‌తో సమానంగానే పనిచేస్తుందని డాక్టరుగారు చెప్పారు, నేర్పించారు కూడా. ఆ డబ్బానీ సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం వచ్చి మందంతా గోడలకే అంటుకుపోతుందట. చెంగుతో తుడిచే నా అలవాటు దీని దగ్గరా తప్పే అయింది!

మొన్న పక్కింటి వదిన వాళ్ల పాపకి దగ్గంటూ యంత్రం అడగడానికొచ్చింది. ఇదివరకైతే మాస్కుతో సహా ఇచ్చేసేదాన్నే. ఈసారి, "డాక్టరు రాసిచ్చారా? అయితే మోటారు తీసుకెళ్లు, కప్పూ మాస్కూ గొట్టం మాత్రం కొత్తవి కొనుక్కో వదినా" అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు పలకరింపు లేదు. మూడో రోజు సాయంత్రం కొత్త కప్పు పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడింది, "ఎంతసేపు మరిగించాలన్నావ్?" అంటూ.